నూలు పట్టే చెయ్యి

రూతమ్మ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు చెప్పులు వెతుక్కునేవారు. నోటితో జవాబు చెప్పడం ఆవిడకు చేతకాదో, ఇష్టం లేదో, చీరాలలో ఆవిడ దగ్గర పని నేర్చుకున్న వాళ్లెవరికీ ఇప్పటికీ తేలలేదు. సర్కారు ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు ఫిజియోథెరపీ చేసి రిటైరై, రైల్వే గేటు అవతల ఒక పెంకుటింట్లో, కాళ్లూ చేతులూ మాట వినని పిల్లల కోసం చిన్న కేంద్రం పెట్టుకున్నారు. చదువు ముగించుకుని అక్కడికి కొత్తగా వచ్చేవాళ్లు వారం తిరక్కుండానే ఒక సంగతి గ్రహించేవాళ్లు. ఆవిడను ప్రశ్న అడిగే ముందు కడుపునిండా తిని ఉండాలి, ఎంత దూరం తిప్పుతారో తెలియదు. కొందరు పిల్లలకు నడుం ఎందుకు నిలబడదని అడిగిన పాపానికి ఒకతను వాడరేవులో పడవెక్కి, అలల మీద గంటసేపు కూర్చుని, వాంతులు చేసుకుని వచ్చాడు. మళ్లీ ఆ ప్రశ్న అతను అడగలేదు.

భార్గవ అనే శిష్యుడి ప్రశ్న మాత్రం కోపంలోంచి వచ్చింది. నెల రోజుల కాగితాలు ఆవిడ బల్ల మీద పరిచి, "పుస్తకంలో ఉన్నట్టే చేశాను మేడం. ఇంటివాళ్లు ఒక్క రోజు కూడా తప్పలేదు. అయినా ఆ పిల్ల చెయ్యి ఎందుకు రావడం లేదు?" అని అడిగాడు.

ఆ పిల్ల పేరు భావన. ఆరేళ్లది. పుట్టుకలో మెదడుకు తగిలిన దెబ్బ కుడివైపు చేతి మీదా కాలి మీదా పడింది. డాక్టర్లు దాన్ని సెరిబ్రల్ పాల్సీ అన్నారు. కాలు కొంచెం ఈడ్చుకుంటూనే వీధంతా తిరిగేది గానీ, కుడిచెయ్యి మాత్రం మోచేతి దగ్గర ముడుచుకుని, పిడికిలి బిగించి, ఒంటికి అంటుకుని ఉండేది. ఏం చేసినా ఎడమ చేత్తోనే. ఇలాంటి పిల్లలకు ఒక చికిత్స ఉంది. బాగున్న చేతికి రోజూ కొన్ని గంటలు గుడ్డ సంచి తొడిగితే, వేరే దారి లేక బలహీనమైన చెయ్యి పనిలోకి దిగుతుంది. చాలామంది పిల్లల్లో దిగుతుంది కూడా. భార్గవ మందపాటి గుడ్డతో సంచి కుట్టించి, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఉంచమని చెప్పి, గళ్లు గీసిన కాగితం ఒకటి తల్లి శిరీష చేతిలో పెట్టి పంపాడు.

తొందర ఎందుకంటే, జూన్‌లో బడి తెరుస్తారు. వాళ్ల పేట బడిలో పెద్ద పంతులమ్మ మర్యాదగానే చెప్పింది. మధ్యాహ్నం అన్నం తన పాటికి తను తినగలిగితే తీసుకురండి, లేకపోతే ఇంకో ఏడు ఆగండి, మాకున్నది ఒక్కటే ఆయా అంది. ఎడమ చేత్తో తిననిచ్చే ఇల్లు కాదు అది, కుడిచెయ్యేమో కంచం దాకా రాదు. అందుకని ఆరేళ్లూ ఎవరో ఒకరు కలిపి నోట్లో పెడుతూ వచ్చారు. తనకంటే చిన్నవాళ్లు సంచీలు తగిలించుకుని బడికి పోతుంటే భావన అప్పటికే ఒక ఏడాది గుమ్మంలో నిలబడి చూసింది. దాన్ని ఇంకో ఏడాది అలా చూడనివ్వడానికి భార్గవకు మనసొప్పలేదు.

ఇంటివాళ్లు నిజంగానే తప్పలేదు. కాగితంలో ఒక్క గడి ఖాళీ లేదు. ఆరు గంటలు చెబితే ఏడు గంటలు ఉంచారు. ఇంత సహకరించే ఇల్లు తను చూడలేదని భార్గవ మొదట్లో పొంగిపోయాడు. కుడిచెయ్యి మాత్రం ఉన్నచోటి నుంచి ఒక్క బెత్తెడు ముందుకు రాలేదు. అది చాలదన్నట్టు ఇప్పుడు కొత్త ముప్పు వచ్చింది. సంచి తీసేశాక కూడా భావన ఎడమచెయ్యి బయటికి తీయడం మానేసింది. కేంద్రంలో బిస్కెట్టు అందిస్తే, చెయ్యి గౌను కింద దాచుకుని నోరు ముందుకు చాపింది. ఉన్న ఒక్క చెయ్యిని కూడా తను పాడుచేస్తున్నానేమోనని భార్గవకు గుబులు పట్టుకుంది. ఆ గుబులే మేడం ముందు కోపంగా బయటపడింది.

రూతమ్మ గారు కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశారు. ఆ ఇల్లు ఎప్పుడైనా చూశావా అని అడిగారు. చూడలేదన్నాడు. ఆవిడ బల్ల కింద కాలితో తడిమి చెప్పులు దగ్గరికి లాక్కున్నారు.

ఏప్రిల్ ఎండలో స్కూటరు మీద ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని భార్గవ నేతగాళ్ల పేటకు వెళ్లాడు. ఇల్లంతా ఒకటే గది, దానికి ముందు పొడుగాటి వసారా. వసారాలో గుంట మగ్గం. గుంటలో కాళ్లు దించుకుని భావన తాత మార్కండేయులు చీర నేస్తున్నాడు. కొంచెం ఎడంగా నాయనమ్మ నాంచారమ్మ, పాత సైకిలు చక్రంతో చేసిన రాట్నం ముందేసుకుని కండెలు చుడుతోంది. చుట్టగా వచ్చే నూలు చిలపను విప్పి వేలెడంత పుల్లకు చుడితే అది కండె, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో ఆ కండె పడితేనే మగ్గం నడుస్తుంది. ఆవిడ పక్కనే గోడకు ఆనుకుని, ఎడమచేతికి సంచితో, భావన కూర్చుని ఉంది. వీళ్లను చూసి నవ్వలేదు, లేవలేదు.

భార్గవను చూడగానే ముసలాయన నాడె ఆపి, చేతులు జోడించినంత పని చేశాడు.

"రండి డాక్టరు బాబూ. ఆ చెయ్యి కంచంలో పెట్టబాక అని ఆరేళ్ల నుంచి మొత్తుకుంటన్నా, నా మాట వింటేనా. మీరు ఒక్క సంచితో మాన్పించారు. ఇప్పుడు చూడండి, ఆ చెయ్యి బయటికే తియ్యదు."

ఆ మెప్పు విని భార్గవ వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న పక్కింటి ఆడపిల్లను, సంచి ఎందుకు కట్టారో తెలుసా అని అడిగాడు. తెలియకేం, ఆ చెయ్యి తప్పు చేసిందంట, అందుకని డాక్టరు మూసిపెట్టాడంట అని ఆ పిల్ల ఏ కల్మషమూ లేకుండా చెప్పింది. భావన తల దించుకుంది.

అప్పుడు భార్గవకు తన సంగతే ఒకటి గుర్తొచ్చింది. అతను కూడా పుట్టుకతో ఎడమచేతి వాటమే. అయిదో ఏట వాళ్ల అమ్మమ్మ, అన్నానికి కూర్చునే ముందు ఆ అరచేతికి వేపాకు పసరు రాసేది. నెల తిరిగేసరికి చెయ్యి మారింది. అతను అంతా మర్చిపోయి, కుడి చేత్తో పరీక్షలు రాసి, ఇంత చదువు చదివాడు. ఎడమచేతి అలవాటు మానిపిస్తున్నామండీ అని శిరీష ఫోనులో చెప్పిన ప్రతిసారీ, చాలా మంచిదమ్మా అని మెచ్చుకున్నాడు. తను మందు అనుకుని ఇచ్చింది ఆ ఇంట్లోకి వెళ్లేసరికి శిక్ష అయిందని, ఆ సంగతి తన బుద్ధికి తట్టకుండా చేసింది తన పెంపకమేనని ఇప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు.

ముసలాయనకు వివరంగా చెబుదామని గొంతు సవరించుకున్నాడు. మెదడులో ఎడమ భాగం, కుడి భాగం అంటూ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అనుకున్నాడు. ఇంతలో రూతమ్మ గారు చాప మీదున్న నూలు చిలప ఒకటి తీసి, అతని రెండు మణికట్లకూ తగిలించారు. చిక్కుపడకుండా అలాగే పట్టుకో, నేను చెప్పేదాకా దించొద్దు అన్నారు. రెండు చేతులూ ముందుకు చాపి, కదిలితే నూలు చిక్కుపడుతుందని భయపడుతూ, డాక్టరు బాబు బొమ్మలా నిలబడ్డాడు. ఉపన్యాసం ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

రూతమ్మ గారు నాంచారమ్మ పక్కన చతికిలబడి, తనకూ కండె చుట్టడం నేర్పమని అడిగారు. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నా ఎన్నడూ చుట్టలేదని, చుట్టకుండానే పోతానేమోనని బెంగగా ఉందని చెప్పారు. నాంచారమ్మ ముసిముసిగా నవ్వి, రాట్నం ఆవిడ వైపు జరిపింది. రూతమ్మ గారు కుడిచేత్తో నూలు పట్టుకుని, ఎడమచేత్తో పిడి తిప్పారు. నూలు అడ్డదిడ్డంగా చుట్టుకుని పుటుక్కున తెగింది. అతికించుకుని మళ్లీ అలాగే తిప్పారు, మళ్లీ తెగింది. పసిపిల్లల వేళ్లను ఒక్కొక్కటిగా విప్పగలిగిన మేడం చేతులు ఇంత మొద్దుగా ఎప్పుడు తయారయ్యాయో భార్గవకు అంతుపట్టలేదు. మూడోసారి తెగేసరికి నాంచారమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేసి, రాట్నం తన వైపు లాక్కుని తిప్పి చూపించింది.

"ఆ చేత్తో కాదమ్మా, నూలు ఎడంచేత్తో పట్టాల. కుడిచెయ్యి మొరటుది, దానికి నూలు సంగతి తెలియదు. అది చక్రం తిప్పటానికే పనికొచ్చిద్ది."

ఆ మాట ఆవిడ ఎంతమంది కోడళ్లకు చెప్పి ఉంటుందో. పేటలో ఏ ఇంట్లో కండె చుట్టినా అంతే. అందులో ఆవిడకు వింతేమీ లేదు. గోడకు ఆనుకున్న పిల్లకు మాత్రం అది తగలాల్సిన చోట తగిలింది. ఒళ్లో ఉన్న సంచి వైపు చూసుకుంది. నాయనమ్మ ఎడమచెయ్యి వైపు చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నూలు సన్నగా జారుతోంది, ఆ చేతిని ఎవరూ ఏమీ అనడం లేదు. పిరుదుల మీద జరుగుతూ జరుగుతూ రాట్నం దగ్గరికి వచ్చి, సంచి ఉన్న చెయ్యిని నూలు మీదికి చాపింది.

నాంచారమ్మ వెనకా ముందూ ఆలోచించలేదు. సంచితో నూలెట్టా పడతావే, అది జారిపోదూ అని గొణుక్కుంటూ ముడి విప్పి, సంచి తీసి అవతల పారేసింది. ఆ పూట గంటలు ఇంకా పూర్తి కాలేదు. ఆ మాట భార్గవ నాలుక చివరిదాకా వచ్చింది గానీ, రెండు చేతులకూ చిలప ఉండగా మనిషికి పెత్తనం చెయ్యాలన్న ఊపు కూడా రాదు కాబోలు.

భావన ఎడమచేత్తో నూలు పట్టుకుంది. మరి పిడి ఎవరు తిప్పాలి? కాసేపు పిడి వైపు చూసింది. నూలు వదిలేసి, ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని, ముడుచుకున్న చెయ్యిని మెల్లగా లాగి, పిడి మీద పెట్టింది. బిగుసుకున్న వేళ్లను ఒకదాని తర్వాత ఒకటి తనే తెరిచి, పిడి చుట్టూ తనే మూసింది. నెల రోజులుగా కేంద్రంలో భార్గవ బతిమాలి, బొమ్మలు చూపించి, పాటలు పాడి తెప్పించలేకపోయిన చెయ్యి అది. అక్కడ కూర్చున్న పెద్దవాళ్లెవరూ తొందరపడి సాయం చెయ్యలేదు. ఆ తర్వాత ఎడమచెయ్యి మళ్లీ నూలు అందుకుంది.

చక్రం అరచుట్టు తిరిగి వెనక్కి వచ్చింది. మళ్లీ తిరిగింది. వేళ్లు జారిపోయాయి, ఎడమచెయ్యి వాటిని మళ్లీ తీసుకొచ్చి పెట్టింది. ముప్పావు చుట్టు తిరిగాక నూలు తెగింది. భార్గవ కాగితంలో అయితే అక్కడ ఒక అడ్డగీత పడేది. నాంచారమ్మ అటు చూడకుండానే రెండు కొసలూ కలిపి, వేళ్ల మధ్య ఒక్క మెలి తిప్పి, పిల్ల చేతికిచ్చింది. మళ్లీ తెగింది, మళ్లీ అతికింది. నేతగాళ్ల ఇంట్లో నూలు తెగడం తుమ్ము లాంటిది, ఎవరూ తల కూడా ఎత్తరు. పన్నెండు సార్లు తెగిందని భార్గవ ఒక్కడే లెక్కపెట్టుకున్నాడు. అతని భుజాలు పీకుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మగ్గం చప్పుడు ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు. ముసలాయన గుంటలోంచి మెడ చాపి చూస్తున్నాడు.

"ఆ చెయ్యి..." అని మొదలుపెట్టాడు.

"ఆ చెయ్యికేంది?" అంది నాంచారమ్మ. "నువ్వు ఇన్నాళ్లూ నేసిన చీరలన్నీ ఏ చేత్తో పట్టిన నూలు?"

చుట్టినకాడికి ఆ కండె ఇటు తెమ్మన్నాడు ముసలాయన. అది కండె లాగా లేదు. ఒకచోట ఉబ్బి, ఒకచోట వదులై, మింగలేని ముద్దలా ఉంది. దారం వదులుగా ఉంటే కోడలు చుట్టిన కండెను కూడా విసిరికొట్టే మనిషి ఆయన. దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, నాడెలో పెట్టాడు. నాలుగు పోగులు పడగానే నాడె పట్టేసింది. నాడె చేతిలోకి తీసుకుని, చిక్కు విడదీసి మళ్లీ వదిలాడు. మళ్లీ పట్టేసింది. అలా ఆగుతూ ఆగుతూ ఆ నూలంతా అయ్యేదాకా నేశాడు. భావన మగ్గం పక్కన నిలబడి, తన నూలు చీరలోకి పోవడం చూస్తూ మొదటిసారి నవ్వింది.

తిరిగి వస్తూ, కావాలనే తప్పు చేత్తో తిప్పారు కదా మేడం అని భార్గవ అడిగాడు. రోడ్డు మీద గతుకులకు తన నడుం విరిగిపోతోందని, మెల్లగా నడపమని ఆవిడ చెప్పారు.

సంచి మళ్లీ తొడగలేదు. రాట్నం పిడికి గుడ్డ పీలికలు చుట్టి లావు చేశారు. రోజూ సాయంత్రం పావుగంట, అదీ ఆటలాగే, పిల్లకు విసుగు రాకముందే లేపెయ్యాలని రూతమ్మ గారు గట్టిగా చెప్పి పంపారు. భార్గవ వారానికి మూడుసార్లు ఆ ఇంటికే వెళ్లేవాడు. రెండు చేతులూ కావలసిన పనులు ఇంట్లో ఎన్ని ఉన్నాయో అతనికి అక్కడే తెలిసింది. చెంబు ఒంపడం, తువ్వాలు పిండడం, చింతకాయ పొట్టు తీయడం. మే నెల సగానికి ఒక వింత చూశాడు. నూలు బిగుసుకున్నట్టు ఎడమచేతికి తెలియగానే, కుడిచెయ్యి తనంతట తనే నెమ్మదిస్తోంది. అలా చెయ్యమని దానికి ఎవరూ చెప్పలేదు. తను నెల రోజులు చెప్పలేకపోయిన పాఠాన్ని పక్కచెయ్యి చెబుతోందని భార్గవ అర్థం చేసుకున్నాడు. కొంచెం అసూయ కూడా పడ్డాడు.

కంచం విషయం మాత్రం ఎవరూ ఎత్తలేదు. ముసలాయనతో మాట్లాడతానని భార్గవ రెండుసార్లు అడిగితే, రూతమ్మ గారు రెండుసార్లూ వద్దన్నారు. మే నెలాఖరున ఒక మధ్యాహ్నం అది దానంతటదే తేలింది. ఆ సంగతి శిరీష వచ్చి చెప్పింది. తాత పక్కన కూర్చున్న భావన, కలిపి పెట్టేదాకా ఆగలేక, జారిపోతున్న కంచం అంచును కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి అన్నంలో పెట్టిందట. పెట్టేసి, భయంతో తాత ముఖం చూసిందట. ఆయన చాలాసేపు కుడిచేతి వైపే చూశాడట. ఆ వేళ్లు కంచాన్ని వదలకుండా పట్టుకోవడం చూసి, తల వంచుకుని తన అన్నం తను తిన్నాడట. ఆ పూట నుంచి ఆ ఇంట్లో పిల్లకు ఎవరూ కలిపి పెట్టలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు మధ్యాహ్నం, వరండాలో పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టారు. స్తంభం పక్కన భార్గవ, అతని పక్కన మార్కండేయులు నిలబడ్డారు. భావన కుడిచెయ్యి మెల్లగా కంచం అంచు మీదికి వచ్చి బిగిసింది. ఎడమచెయ్యి పప్పు, అన్నం కలిపింది. సగం నోట్లోకి, కొంచెం గౌను మీదికి పోయాయి. పెద్ద పంతులమ్మ దగ్గరికొచ్చి వంగి చూసి, ఎడమచేత్తో తింటోందేమిటి పెద్దాయనా, పక్కపిల్లలు నవ్వరూ, ఇంట్లో నేర్పలేదా అని అడిగింది. గొంతులో దురుసు లేదు. సంజాయిషీ చెప్పుకునే పని ముసలాయన మీద పడింది.

"ఎడంచెయ్యి లేకుండా మా మగ్గం మీద జానెడు గుడ్డ దిగదు టీచరమ్మా," అన్నాడు మార్కండేయులు. "కంచం కాడే దానికి తప్పు పట్టాం. ఆ తప్పు నాది, పిల్లది కాదు. రాసుకోండి పేరు."

పంతులమ్మ ఆయన వైపు, పిల్ల వైపు చూసి, లోపలికి వెళ్లి రిజిస్టరు తెచ్చింది. భావనకు ఇదేమీ పట్టలేదు. ఇంకొంచెం పప్పు కావాలని ఆయాను పిలుస్తోంది.

సాయంత్రం భార్గవ కేంద్రానికి వచ్చి, జరిగిందంతా మేడంకు చెప్పాడు. చెప్పినంతసేపూ ముఖం వెలిగిపోయింది గానీ, కాగితం తీసేసరికి మళ్లీ సందేహం పట్టుకుంది. తను మొదట పెట్టుకున్న గురి, కుడిచేత్తో అన్నం తినడం. అది జరగలేదు. కుడిచెయ్యి కంచం పట్టుకుంది, అంతే. తిన్నది ఎడమచెయ్యి. పని అయిందని రాయాలా, కాలేదని రాయాలా అని అడిగాడు.

రూతమ్మ గారు ఈసారి చెప్పుల కోసం వెతకలేదు. పిల్ల కడుపు నిండిందా అని అడిగారు. రెండోసారి పప్పు వేయించుకుందని భార్గవ చెప్పాడు.

"అయితే రేపు వెళ్లినప్పుడు, అన్నం తిన్నది ఏ చెయ్యో ఆ పిల్లనే అడుగు నాయనా," అన్నారు ఆవిడ. "ఏది చూపిస్తే అది, రెండూ చూపిస్తే రెండూ రాసుకో."